ఒకే కంట్రాక్టరు, రెండు రేట్లు: కేంద్ర, రాష్ట్ర కనీస వేతనాల్లో ఏది ఎవరికి వర్తిస్తుంది

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ తమ్ముడు ఒక కంట్రాక్టరు కింద శుభ్రపరిచే పని చేస్తున్నాడు. కిందటి మే నుంచి సంక్రాంతి వరకు విజయనగరం రైల్వే స్టేషన్‌లో పనిచేశాడు. పండుగ తరువాత అదే కంట్రాక్టరు అతన్ని పట్టణంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి మార్చాడు. రెండు చోట్లా రోజుకూలి ఒక్కటే, అదే రాష్ట్ర ప్రభుత్వం రేటని కంట్రాక్టరు చెబుతున్నాడు. తోటివారిలో ఒకరు కేంద్రం రేటు ఇంకా ఎక్కువ ఉందన్నారు, మరొకరు దేశమంతటికీ ఒకే కనీస వేతనం వచ్చేసిందన్నారు. ఈ మూడింటిలో ఏది నమ్మాలని మీరు అడిగారు.

ముందుగా సమాధానం చెప్పి, తరువాత కారణాలు వివరిస్తాను. స్టేషన్‌లో పనిచేసిన రోజులకు కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన రేటు రావాలి. ఆసుపత్రిలో పనిచేస్తున్న రోజులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన రేటు రావాలి. జాతీయ కనీస వేతనమని పిలుస్తున్నది మీ తమ్ముడు కంట్రాక్టరు దగ్గర నేరుగా అడగగలిగే రేటు కాదు, అది ప్రభుత్వాలకు పెట్టిన హద్దు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇరవై ఏళ్లకు పైగా కార్మికుల వేతన దరఖాస్తులు రాసిపెడుతున్నాను. ఈ మూడూ కలగాపులగమైనందువల్ల న్యాయమైన దరఖాస్తులు తప్పు కార్యాలయానికి చేరి నెలల తరబడి ఆగిపోవడం చాలాసార్లు చూశాను. అందుకే కొంచెం విపులంగా రాస్తున్నాను.

కేంద్ర చట్టం ఒకటి, రాష్ట్ర చట్టం ఒకటి ఉండి రెండూ పోటీ పడుతున్నాయని చాలామంది అనుకుంటారు. నిజానికి చట్టం మొదటి నుంచీ ఒక్కటే. కార్మిక సంక్షేమం రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో ఉంది. 1948 నాటి కనీస వేతనాల చట్టమే దేశమంతటా అమలైంది. అయితే రేట్లు నిర్ణయించే అధికారాన్ని ఆ చట్టం కేంద్రానికీ రాష్ట్రాలకూ పంచింది. ఏ సంస్థకు ఏ ప్రభుత్వం రేటు నిర్ణయించాలో, ఆ ప్రభుత్వాన్ని చట్టం భాషలో ‘సముచిత ప్రభుత్వం’ అంటారు. 2019లో చేసిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చి పాత చట్టం స్థానాన్ని తీసుకుంది కాని, ఈ పంపకం పద్ధతిని మాత్రం కొనసాగించింది. కనుక ఒక కార్మికుడికి ఏ రేటు వర్తిస్తుందో తేల్చేటప్పుడు ఏది ఎక్కువ, ఏది తక్కువ అని చూడకూడదు. అతను ఎవరి సంస్థలో, ఎవరి కోసం పనిచేస్తున్నాడో చూడాలి.

కోడ్ ప్రకారం రైల్వేలు, గనులు, చమురు క్షేత్రాలు, మేజర్ పోర్టులు, విమాన రవాణా, టెలికాం, బ్యాంకింగు, బీమా సంస్థలు, కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలు, కేంద్ర చట్టంతో ఏర్పడిన కార్పొరేషన్లు కేంద్రం పరిధిలోకి వస్తాయి. ఆ సంస్థల కోసం పనిచేసే కంట్రాక్టర్ల సంస్థలు కూడా అదే పరిధిలోకి వస్తాయని కోడ్ స్పష్టంగానే చెప్పింది. మీ తమ్ముడి విషయంలో కీలకం ఇదే. కంట్రాక్టరు కార్యాలయం విజయనగరంలో ఉండడం, అతను ప్రైవేటు వ్యక్తి కావడం ఇక్కడ లెక్కలోకి రావు. స్టేషన్ ప్లాట్‌ఫారం ఊడ్చిన రోజున మీ తమ్ముడు రైల్వే సంస్థలో పనిచేసినట్టే లెక్క.

ఈ గీత మన రెండు జిల్లాల్లో ఎక్కడెక్కడ పడుతుందో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. టెక్కలి ప్రాంతంలోని గ్రానైట్ క్వారీ చట్టం దృష్టిలో గని, కాబట్టి అక్కడ రాయి తీసే కార్మికుడికి కేంద్రం రేటు. అదే రాయి లారీ ఎక్కి వేరుగా ఉన్న పాలిషింగ్ యూనిట్‌కు చేరితే, అక్కడ దాన్ని కోసి మెరుగుపెట్టే కార్మికుడికి రాష్ట్రం రేటు. చీపురుపల్లి, గరివిడి వైపు మాంగనీసు గనిలో దిగేవారికి కేంద్రం రేటయితే, ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారంలో కొలిమి దగ్గర నిలబడేవారికి రాష్ట్రం రేటు. విశాఖపట్నం పోర్టు మేజర్ పోర్టు కనుక కేంద్రం పరిధిలో ఉంది. సంతబొమ్మాళి మండలంలోని మూలపేట పోర్టు ఆ కోవలోకి రాదు, అక్కడ రాష్ట్రమే సముచిత ప్రభుత్వం. నెల్లిమర్ల, బొబ్బిలి ప్రాంతాల జనపనార మిల్లులు, పైడిభీమవరం మందుల కంపెనీలు, పలాస జీడిపప్పు యూనిట్లు, ఇటుక బట్టీలు, దుకాణాలు, హోటళ్లు, ప్రైవేటు బడులు అన్నీ రాష్ట్ర పరిధే. బ్యాంకు శాఖలో కంట్రాక్టు మీద కాపలా కాసేవారికి, ఊడ్చేవారికి కోడ్ వచ్చాక కేంద్రం రేటు వర్తిస్తుందని తెలిసినవారు మన దగ్గర ఇంకా చాలా తక్కువ. మీ చుట్టుపక్కల అలాంటివారుంటే దయచేసి చెప్పండి.

పని మానేసి మరో రాష్ట్రానికి వలస వెళ్లినవారి సంగతీ ఇంతే. ఇచ్ఛాపురం నుంచి, కవిటి నుంచి చెన్నై భవన నిర్మాణాలకు వెళ్లినవారికి తమిళనాడు రేటు రావాలి. పని దొరికిన ఊరి రేటే కూలీ రేటు, కూలీ పుట్టిన ఊరిది కాదు. మేస్త్రీ ఇక్కడ అడ్వాన్సు ఇచ్చి, ఇక్కడి రేటుకు ఒప్పించి తీసుకువెళ్లినా ఆ ఒప్పందానికి విలువ లేదు. కనీస వేతనం కంటే తక్కువకు ఒప్పుకుంటూ కార్మికుడు సంతకం పెట్టినా, వేలిముద్ర వేసినా అది చెల్లదని పాత చట్టమూ చెప్పింది, కొత్త కోడూ చెప్పింది.

ఇక జాతీయ కనీస వేతనం సంగతి. దీని చుట్టూ ఉన్న అపోహ చాలా పెద్దది కనుక కాస్త ఎక్కువ రాయక తప్పదు. గ్రామీణ కార్మికులపై వేసిన జాతీయ కమిషన్ 1991లో చేసిన సిఫార్సును ఆధారం చేసుకుని, 1996లో కేంద్రం రోజుకు 35 రూపాయలను జాతీయ స్థాయి అడుగు వేతనంగా, అంటే కనీస వేతనాలు అంతకంటే దిగువకు పోకూడదన్న కింది హద్దుగా ప్రకటించింది. అది పెరుగుతూ 2011లో 115కు, 2015లో 160కి, 2017లో 176 రూపాయలకు చేరింది. ఇన్నేళ్లూ దాని వెనుక చట్టబలం లేదు. రాష్ట్రాలకు అది ఒక సలహా మాత్రమే. కేంద్రం నియమించిన అనూప్ సత్పథి కమిటీ 2019లో ఆహారం, బట్ట, ఇల్లు వంటి ఖర్చులు లెక్కగట్టి, 2018 ధరల ప్రకారం రోజుకు కనీసం 375 రూపాయలు ఉండాలని సూచించింది. ఆ సూచన ఆచరణలోకి రాలేదు.

వేతనాల కోడ్ తొమ్మిదో సెక్షను ఈ అడుగు వేతనానికి మొదటిసారి చట్టబలం ఇచ్చింది. పత్రికలు దీన్నే ఫ్లోర్ వేజ్ అంటున్నాయి. కార్మికుల కనీస జీవన ప్రమాణాలను దృష్టిలో పెట్టుకుని కేంద్రం దీన్ని నిర్ణయించాలి. ప్రాంతాన్ని బట్టి వేరువేరుగా కూడా నిర్ణయించవచ్చు, అంటే దేశమంతటికీ ఒకే అంకె ఉండాలన్న నియమం కోడ్‌లోనే లేదు. ఏ ప్రభుత్వమూ తన కనీస వేతనాన్ని ఆ అడుగు కంటే కిందికి పెట్టకూడదు. అప్పటికే ఎక్కువ రేటు ఇస్తున్న ప్రభుత్వం, అడుగు తక్కువగా ఉందని చెప్పి తన రేటును తగ్గించకూడదు. లెక్క కోసం ఒక ఉదాహరణ చెబుతాను, ఇవి నిజమైన రేట్లు కావు. కేంద్రం 400 రూపాయలను అడుగుగా ప్రకటించిందనుకుందాం. ఒక పనికి రాష్ట్రం రేటు 450 ఉంటే కార్మికుడికి రావలసింది 450, దాన్ని 400కు దించే వీలు రాష్ట్రానికి లేదు. మరో పనికి రాష్ట్రం రేటు 380 ఉంటే దాన్ని 400కు పెంచుతూ రాష్ట్రం కొత్త నోటిఫికేషన్ ఇవ్వాలి.

ఇక్కడ ఒక సున్నితమైన అంశం ఉంది. యజమాని మీద కోడ్ పెట్టిన బాధ్యత, సముచిత ప్రభుత్వం ప్రకటించిన రేటు కంటే తక్కువ ఇవ్వకూడదన్నది. అడుగు వేతనం విధించే బాధ్యత ప్రభుత్వం మీద ఉంది. కాబట్టి దరఖాస్తులో ‘జాతీయ వేతనం ఇప్పించండి’ అని రాస్తే అధికారి దాన్ని పక్కన పెట్టే అవకాశం ఉంది. ఏ ప్రభుత్వం, ఏ తేదీన, ఏ తరగతి పనికి ప్రకటించిన రేటో పేర్కొని దాన్నే అడగాలి. రాష్ట్రం రేటు అడుగు కంటే కిందుంటే దాని మీద పోరాటం ప్రభుత్వంతో చేయాలి, ఆ పోరాటం యూనియన్లు చేయాలి. అడుగు వేతనాన్ని తగినంత ఎత్తులో పెట్టకపోతే వెనుకబడిన జిల్లాల్లో అదే పైకప్పుగా మారుతుందన్నది నా భయం. 1957 నాటి భారత కార్మిక మహాసభ మనిషికి 2,700 కేలరీల ఆహారం, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు వంటివి లెక్కలోకి తీసుకోవాలని తీర్మానించింది. పిల్లల చదువు, వైద్యం, పండుగ పబ్బాల కోసం మరో 25 శాతం కలపాలని సుప్రీంకోర్టు రెప్టకోస్ బ్రెట్ కేసులో చెప్పింది. ఆ కొలతలతో పోల్చి చూడకుండా ఏ అంకెనూ న్యాయమైనదని ఒప్పుకోకూడదు.

ఉపాధి హామీ కూలీని కూడా కొందరు ఇందులో కలుపుతారు. అది పూర్తిగా వేరు దారి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం, కనీస వేతనాల చట్టంలో ఏమున్నప్పటికీ కేంద్రం విడిగా కూలీ రేటు ప్రకటించవచ్చని చెప్పింది. ఆ అధికారంతోనే 2025 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రానికి రోజుకు 307 రూపాయలని నిర్ణయించారు. ఆ 307ను చూపించి ‘ప్రభుత్వమే ఇంత ఇస్తోంది, నేనెందుకు ఎక్కువివ్వాలి’ అనే యజమాని మాటకు చట్టంలో చోటు లేదు.

మీ తమ్ముడి లెక్కకు వద్దాం. ఒక జాగ్రత్త ముందే చెప్పాలి. 2024 అక్టోబరు 1 నుంచి అమలైన కేంద్రం పట్టికలో ఊడ్చే, శుభ్రపరిచే పనుల్లో నైపుణ్యం లేని కార్మికుడికి రోజుకు 783 రూపాయలని ఉంది. ఫోన్లలో ఒకరి నుంచి ఒకరికి తిరిగిన అంకె అదే. కాని అది ‘ఎ’ ప్రాంతానికి, అంటే పెద్ద నగరాలకు ఉద్దేశించినది. కేంద్రం ఊళ్లను ఎ, బి, సి ప్రాంతాలుగా విడగొట్టింది, విజయనగరం ‘ఎ’ జాబితాలో లేదు. 783 అని దరఖాస్తులో రాస్తే కంట్రాక్టరు తరపువారు మొదటి వాయిదాలోనే దాన్ని తప్పని చూపి, మిగిలిన మీ మాటలను కూడా తేలిక చేస్తారు. మీ ఊరు వచ్చే వరుసలోని అంకె మాత్రమే తీసుకోండి. అది కూడా ఒకే అంకె కాదు. కేంద్రంలోనూ రాష్ట్రంలోనూ కరువు భత్యం ఏప్రిల్ 1న ఒకసారి, అక్టోబరు 1న ఒకసారి ధరల సూచీని బట్టి మారుతుంది. మే నుంచి సెప్టెంబరు వరకు ఒక రేటు, అక్టోబరు నుంచి సంక్రాంతి వరకు మరొక రేటు వేసి లెక్క కట్టాలి. ఆసుపత్రి రోజులకు రాష్ట్రం పట్టికలో ఆసుపత్రుల వరుస చూడాలి, మూల వేతనానికి కరువు భత్యం కలిపితేనే అది మొత్తం కనీస వేతనం అవుతుంది. మూల వేతనం మాత్రమే చూపించి ‘ఇదిగో ప్రభుత్వ రేటు’ అనడం మన దగ్గర బాగా అలవాటైన మోసం.

పీఎఫ్ కోత కూడా చూడండి. కార్మికుడి వాటా 12 శాతం, ఈఎస్ఐ కింద 0.75 శాతం మాత్రమే అతని జీతం నుంచి తీయవచ్చు. యజమాని వాటాను కూడా కూలీ నుంచే కోసి ‘రెండు వాటాలూ కట్టేశాం’ అని చెప్పడం చట్టవిరుద్ధం. యూనిఫారం ఖర్చు, గుర్తింపు కార్డు ఖర్చు, సూపర్వైజరుకు నెలనెలా ఇచ్చే ముడుపు ఉంటే అవన్నీ విడివిడిగా రాసి పెట్టుకోండి.

ఆధారాల గురించి నేను నేర్చుకున్నది పలాస వైపు ఒక జీడిపప్పు యూనిట్ వ్యవహారంలో. అక్కడ జీడిపప్పు పొట్టు తీసే ఆడవాళ్లకు కిలో లెక్కన కూలి. పప్పు సరిగా ఎండని రోజుల్లో, సరుకు ఆలస్యంగా వచ్చిన రోజుల్లో ఎనిమిది గంటలు కూర్చున్నా రాష్ట్రం ప్రకటించిన రోజువారీ రేటులో సగం కూడా చేతికి వచ్చేది కాదు. ముక్క లెక్కన పనిచేసేవారికి ప్రభుత్వం ముక్క రేటు ప్రకటించకుండా రోజు రేటు మాత్రమే ప్రకటించిన చోట, ఆ రోజు రేటుకు తగ్గకుండా ఇవ్వాలని చట్టం చెబుతుంది. యాజమాన్యం హాజరు పట్టీ లేదంది, కిలోల చీటీలు పారేశామంది. ఆ ఆడవాళ్లలో ఒకామె మాత్రం తన కూతురి పాత నోటుపుస్తకంలో తేదీ, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, కిలోలు, ఇచ్చిన డబ్బు పదకొండు నెలలపాటు ఒక్క రోజు తప్పకుండా రాసుకుంది. చదువు మూడో తరగతి, అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి, అయినా అంకెల్లో తేడా లేదు. ఆ పుస్తకం చూసిన అధికారి యాజమాన్యాన్ని రికార్డులు తెమ్మని గట్టిగా అడిగారు, అవి తేలేకపోయారు. ఆమెకే కాక, ఆమెతో కలిసి దరఖాస్తు చేసిన అందరికీ తేడా డబ్బు వచ్చింది. ఇంత బలంగా నిలబడిన కాగితాన్ని నేను మళ్లీ చూడలేదు. ఇప్పుడు కోడ్ ప్రకారం, తక్కువ వేతనం ఇచ్చారని ఫిర్యాదు వస్తే పూర్తి వేతనం ఇచ్చినట్టు నిరూపించుకోవలసిన భారం యజమానిదే. వేతన చీటీ ఇవ్వడం కూడా అతని విధి. అయినా మన చేతిలో మన రాత ఉండాలి.

యజమానికి స్తోమత లేదన్న వాదన మీకు వినబడుతుంది. స్తోమత ఉన్నా లేకపోయినా కనీస వేతనం ఇచ్చి తీరాలని ఉనిచోయి కేసులో సుప్రీంకోర్టు దశాబ్దాల కిందటే తేల్చింది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో చెప్పింది, 1983లో రాజస్థాన్ కరువు పనుల కేసులో మళ్లీ చెప్పింది. మన ప్రాంతంలో వెట్టి అన్న మాట బరువు ఎంతో పెద్దలకు తెలుసు. దరఖాస్తులో ఈ రెండు తీర్పుల ప్రస్తావన ఒక వాక్యంలో పెడితే సరిపోతుంది.

గడువు విషయంలో ఆలస్యం చేయవద్దు. పాత చట్టం కింద వేతనం బాకీపడిన రోజు నుంచి ఆరు నెలల్లో దరఖాస్తు చేయాలి, తగిన కారణం చూపితే ఆ తరువాత కూడా స్వీకరించవచ్చు. కోడ్ కింద ఆ గడువు మూడేళ్లు. మీ తమ్ముడి స్టేషన్ పని 2025 నవంబరు 21కి ముందు కొంత, తరువాత కొంత ఉంది. ముందు నెలలకు కూడా మూడేళ్ల గడువు వర్తిస్తుందన్న ధీమాతో కూర్చుంటే ఎదుటివారు అక్కడే పట్టుకుంటారు. అందుకని రెండు కాలాలకూ కలిపి వెంటనే దరఖాస్తు పెట్టి, ముందు నెలల ఆలస్యానికి కారణం అందులోనే వివరించండి. కంట్రాక్టరు తప్పుడు రేటు చెప్పి నమ్మించడం కారణాల్లో ఒకటి. తేడా డబ్బుకు తోడు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం విచారణాధికారికి ఉంది, అంతా వస్తుందని ఆశపడకపోయినా తప్పకుండా అడగండి.

దరఖాస్తులు రెండు వేరువేరుగా ఉండాలి. స్టేషన్ రోజులది విశాఖపట్నంలో ఉన్న కేంద్ర కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లాలి, అందులో కంట్రాక్టరుతోపాటు రైల్వేను కూడా ప్రతివాదిగా చేర్చండి, ఎందుకంటే కంట్రాక్టరు ఇవ్వనప్పుడు ప్రధాన యజమాని చెల్లించవలసి ఉంటుంది. ఆసుపత్రి రోజులది విజయనగరంలోని రాష్ట్ర కార్మిక శాఖ కార్యాలయానికి ఇవ్వాలి. స్టేషన్‌లో అతనితో పనిచేసినవారు ఎందరున్నా ఒకే దరఖాస్తులో చేరవచ్చు, రిజిస్టరైన యూనియన్ కూడా వారి తరపున వేయవచ్చు. నలుగురైదుగురు కలిస్తే పని పోతుందన్న భయం కొంత తగ్గుతుంది.

ఈ ఆదివారం మీ తమ్ముడిని కూర్చోబెట్టి, కిందటి మే నుంచి నెలవారీగా ఏ రోజు ఎక్కడ పనిచేశాడో, ఎన్ని గంటలు చేశాడో, ఎంత చేతికి వచ్చిందో గుర్తున్నంత వరకు ఒక పుస్తకంలో రాయించండి. బ్యాంకు పాసుపుస్తకం నకలు, పీఎఫ్ ఖాతా వివరాలు, స్టేషన్‌లోకి వెళ్లడానికి ఇచ్చిన గుర్తింపు కార్డు ఫొటో దానికి జతచేయండి. ఆ కార్డు తిరిగి ఇచ్చేయమని కంట్రాక్టరు అడిగితే, ఫొటో తీసుకున్న తరువాతే ఇవ్వమనండి.